రాణి నడవకపోతే

మొదటి రోజు పొద్దున్నే తాత మా ఊరి పెద్ద చెరువు చూసి వచ్చాడు. అందరిలా గట్టు మీద నిలబడి ఫోటో దిగడానికి పోలేదు. ఎండుటాకు ఒకటి నీళ్లలో వేసి, గాలికి అది లోపలికి పోతుందా, తిరిగి ఒడ్డుకే కొట్టుకొస్తుందా అని చాలాసేపు చూస్తూ కూర్చున్నాడట. తర్వాత కమ్యూనిటీ హాలుకు వచ్చి, రేకు పెట్టె తెరిచి, కొయ్యబొమ్మ రాణిని రెండు చేతులతో బయటికి తీసి, చాపల మీద కూర్చున్న మాతో అన్న మొదటి మాట ఇది:

"ఐతారం ఆట. గీమెను నడిపిచ్చే చెయ్యి మీల దొరికితె మంచిది. దొరకకుంటె సోమారం పొద్దుగాల మీ చెరువుకిచ్చి పోత. ఆకు మంచిగనే లోపటికి పోయింది."

ఎవరూ నవ్వలేదు. పక్కన హార్మోనియం ముందు కూర్చున్న ఆయన భార్య, మేమంతా అవ్వా అని పిలిచిన ఆమె, తల ఎత్తలేదు. రాణి కట్టుకున్న ఎర్రచీర అవ్వ పెళ్లిచీరలోంచి కోసిందని మధ్యాహ్నం అన్నం దగ్గర తెలిసింది.

సంగతేమిటంటే, తాత కుడి భుజం పట్టేసింది. చేయి తల పైకి ఎత్తొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. మిగతా బొమ్మలు చిన్నవి, ఎడమ చేత్తో అయినా ఆడిస్తాడు. రాణి అలా కాదు, నా నడుము దాకా వస్తుంది. కొడుకుల్లో ఒకరు ఆటో పట్టారు, ఒకరు లారీ పట్టారు, బొమ్మను పట్టినవాళ్లు లేరు. ఆడించే చెయ్యి లేని బొమ్మను పెట్టెలో ఉంచకూడదని వాళ్ల ఇళ్లలో ఆచారం. ఉంచితే ఇంట్లో మనిషిని పస్తు పడుకోబెట్టినట్టే. బొట్టు పెట్టి, దీపం చూపించి, నీళ్లకు ఇచ్చేస్తారు. కళాకారులను ఊళ్లకు పిలిపించి నలుగురికి నేర్పించే బృందం ఒకటి మా ఊళ్లో ఈ శిబిరం పెట్టింది. వాళ్లు ఏదో ఉత్సాహంగా పిలిచారు. ఆయన మాత్రం రాణికి ఇదే చివరి ఊరు అనుకుని బయల్దేరాడు.

నిజానికి నేను అక్కడ ఉండాల్సినదాన్ని కాదు. గోడలకు అంటించిన కాగితాల మీద 'యువతకు' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. యువత నన్ను దాటిపోయి చాలా కాలమైంది. కానీ మాది గిన్నెల దుకాణం, హాలుకు ఎదురుగానే. బొమ్మల బట్టలకు రంగు కాచుకోవడానికి పెద్ద దేగిశా కావాలని బృందం వాళ్లు వచ్చారు. కిరాయి అడిగితే ఇచ్చేవాళ్లే. నేను అడగలేదు. గిన్నె ఎక్కడ ఉంటే నేనూ అక్కడే ఉంటానని, నా గిన్నెకు నేనే కాపలా అని చెప్పాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని సరే అన్నారు.

గల్లా మీద కూర్చున్న మా నాయన ఇదంతా విన్నాడు.

"బొమ్మలాట నేర్చుకొని ఏం జేస్తవే?"

"నువ్వు ఇన్నేండ్ల సంది గల్లా మీదికెల్లి నన్ను ఆడిస్తలేవా బాపు? గదేందో జర నేను గూడ నేర్చుకుంట."

అలా బేరం గెలిచి లోపలికి పోయాను. గెలిచాననే అనుకున్నాను.

రాణికి కాళ్లు లేవు. నడుము కింద కొయ్య ఉండదు, చీర కుచ్చిళ్లే. తల నుంచి, చేతుల నుంచి, నడుము నుంచి వచ్చే దారాలన్నీ పైన ఒక అడ్డకర్రకు కట్టి ఉంటాయి. మనం నల్లతెర వెనక నిలబడి, ఆ కర్రను మన తల కంటే ఎత్తున పట్టుకుని, తెర మీదుగా వంగి చూస్తూ నడిపించాలి. కుచ్చిళ్ల అంచు కింద పరిచిన చెక్కపలకను తాకీ తాకనట్టు సాగాలి. కాస్త పైకి లేచిందా, దయ్యం. కాస్త దిగిందా, బట్టల మూట. ఆ రెంటి నడుమ వెంట్రుకంత చోటులోనే ఆమె మనిషి. గజ్జెలు కూడా ఆమెకు ఉండవు, ఆడించేవాళ్ల కాళ్లకు ఉంటాయి. వెనక మనం అడుగు వేస్తే ముందు ఆమె నడిచినట్టు. ఈ వయసులో గజ్జెలు కట్టుకుని గంతులేసిన నన్ను కిటికీలోంచి చూసి, ఎదురుగా చెప్పుల కొట్టతను రెండు రోజులు నన్ను పలకరించడానికి సిగ్గుపడ్డాడు.

వరుసగా అందరి చేతా రాణిని పట్టించాడు తాత. పిల్లలకు చెయ్యి ఎత్తు చాలలేదు. ఎత్తు ఉన్నవాళ్లకు ఓపిక చాలలేదు. నా వంతు వచ్చినప్పుడు మాత్రం ఆయన కళ్లు చిన్నవి చేసుకుని చూశాడు. మా దుకాణంలో బిందెలూ దేగిశాలూ పైకప్పుకు వేలాడుతుంటాయి. కొక్కెం కర్రతో చిన్నప్పటి నుంచి దించుతున్నదాన్ని. తల పైన బరువు నాకు కొత్త కాదు.

"చెయ్యి మంచిగున్నది," అన్నాడు. "కని బిందెను దించినట్టు గుంజుతున్నవ్. గామె బిందె గాదు. మల్ల నడిపియ్యి."

మళ్లీ నడిపించాను. మళ్లీ. మూడో రోజుకు రాణి పలక మీద నాలుగడుగులు మనిషిలా వేసింది. ఆ నాలుగడుగులూ నా చేతి కింద ఎవరో ఊపిరి పీల్చినట్టు అనిపించింది. దారాల్లోంచి ఆ బరువు వేళ్లలోకి దిగింది. అవ్వ హార్మోనియం మీద చెయ్యి అలాగే ఉంచి చూస్తోంది. తాత మొహంలో మొదటిసారి వెలుగు కనబడింది.

"ఎట్లున్నది బిడ్డా, మా రాణి?" అన్నాడు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. బేగంబజారులో సరుకు కొనేటప్పుడు, నచ్చినదాన్ని ముందు తిట్టాలి. నచ్చనిదాన్ని మెచ్చుకుని లేచి వచ్చేయాలి. మా నాయన నాకు ఓనమాలు దిద్దించక ముందే ఇది నేర్పాడు. నాకు పెళ్లిచూపులైన రోజు, పిల్లగాడి చెవులు మరీ పెద్దగా ఉన్నాయని మా నాయన వాళ్ల ముందే అన్నాడు. సంబంధం ఖాయమైందని నాకు అప్పుడే తెలిసిపోయింది.

ఆ రాణి నాకు అంతకన్నా ఎక్కువ నచ్చింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఏమున్నది తాతా, ముక్కు జర వంకర పోయింది. చెంప మీద రంగు లేచింది. చీర గూడ వెలిసిపోయింది. గిసొంటి పాత బొమ్మను ఇప్పుడెవరు సూస్తరు?"

అన్నాక చూశాను. తాత దగ్గరికి వచ్చాడు. కోప్పడలేదు. నా వేళ్ల నుంచి దారాలు ఒక్కొక్కటే విప్పాడు, చిన్నపిల్ల జడ విప్పినట్టు. అడ్డకర్ర తీసుకున్నాడు. రాణిని భుజాన వేసుకుని, నాకు ఆమె మొహం కనబడకుండా గోడ వైపు తిప్పి కూర్చోబెట్టాడు.

"ఆమె ఇంటది," అన్నాడు. "బొమ్మ ముందల బొమ్మకు వంకలు వెట్టొద్దు. మా తాతలు ఆమె ఏలు ఇరిగితె, అతికేటప్పుడు గూడ తప్పు మన్నించుమని అడిగి అతికిన్రు. నువ్వేమో సంతల బర్రెను సూసినట్టు సూసినవ్. ఇగ ముట్టకు."

"తాతా, గది మా దుకాణపోళ్ల అలవాటు. నచ్చితెనే అట్లంటం..."

"మీ దుకాణం మీ తాన వెట్టుకో, షావుకారమ్మా."

శిబిరంలో నాతో పాటు వస్తున్న అంగన్‌వాడీ టీచరమ్మ బొంగులూరు వైపు నుంచి రోజూ స్కూటీ మీద వచ్చేది. చురుకైన మనిషి, నాలుక నాకంటే పదును. ఆమె నా పక్కకు జరిగి చెవిలో అంది: "అక్కా, ఇంకా నయం. 'తగ్గించి ఎంతకిస్తవ్' అని అడగలే."

అడగబోయాను. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

మర్నాడు రాణిని టీచరమ్మ చేతికి ఇచ్చాడు తాత. నేను దేగిశా పక్కన కూర్చుని రంగు కలుపుతూ చూశాను. టీచరమ్మ చెయ్యి సున్నితం. మొదటి అడుగు నా కన్నా బాగా వేయించింది. నా గుండెలో ఏదో చివుక్కుమంది, ఒప్పుకుంటాను. కానీ కాసేపటికి ఆమె మోచెయ్యి వణికింది, అడ్డకర్ర వాలింది, రాణి ఒక పక్కకు ఒరిగి మూటలా కూలింది. లేపింది. మళ్లీ కూలింది. అయినా పట్టు వదలక ప్రయత్నించింది. సాయంత్రానికి భుజం పట్టుకుని గోడకు ఆనుకుంది.

"నాతోని గాదు తాతా," అంది కళ్లనీళ్లతో. "చెరువుల ఎయ్యకు. అక్కనే నడిపియ్యనియ్యి. నోరే కాని, చెయ్యి మంచిదే."

తాత రాణిని మళ్లీ గోడ వైపు తిప్పి కూర్చోబెట్టాడు. పెట్టె మూత తెరిచి లోపల చీర పరవడం మొదలుపెట్టాడు. అప్పటికి శుక్రవారం పొద్దు వాలుతోంది.

అవ్వ లేచి బయట కుళాయి దగ్గరికి పోతూ నన్ను కళ్లతోనే రమ్మంది. నేను వెళ్లాక కొంగు దోపుకుని, చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"ఆయన కాళ్లు వట్టుకుంటె ఏం లాభం లేదు బిడ్డా. తప్పు ఆయనకు జెయ్యలే. ఆమెకు జేసినవ్. ఆమెకే జెప్పు. పిల్లను అడగనీకి పోయినట్టు పో, బొట్టు వెట్టి అడుగు. అందరు ఇనంగ అడగాలె, గుసగుస గాదు." కుళాయి కట్టేసింది. "గా చీర కట్టుకొని నేను వచ్చిన గా ఇంటికి. నీళ్లల్ల తేలుకుంట పోతుంటె సూడలేను."

అవ్వ గొంతు వణకలేదు. అందుకే నాకు భయమేసింది. అప్పటిదాకా అది నాకు కావలసిన బొమ్మ. ఆ మాటతో అది ఆమె నుంచి పోబోతున్న బొమ్మ అయింది.

దుకాణానికి పోయి కుంకుమ తెచ్చాను. గోడ వైపు తిరిగి ఉన్న రాణి ముందుకు పోయి కూర్చున్నాను. బొట్టు పెట్టాను. అందరూ చుట్టూ చేరారు. తాత పెట్టె దగ్గరే నిలబడి, చీర మడతలు సరిచేస్తున్నట్టు నటిస్తూ వింటున్నాడు.

ఇక మాట రావాలి. రాలేదు. నచ్చినదాన్ని నచ్చిందని అనడం నాకు ఎవరూ నేర్పలేదు. కడుపున పుట్టినవాళ్లను కూడా "కాకిమొహందానా" అనే ముద్దుచేశాను. నోటికి వచ్చినవన్నీ వంకలే. ముక్కు... అని మొదలుపెట్టి మింగాను. తాత పెట్టె మూత మీద చెయ్యి వేశాడు. కీలు కిర్రుమంది.

"జల్ది అను అక్కా," అంది టీచరమ్మ. "మూత పడితె ఇగ తియ్యడు."

"అమ్మా," అన్నాను. "నచ్చినవ్. మస్తు నచ్చినవ్. నిన్న నడిచినవ్ సూడు, గప్పటి సంది నా చెయ్యి నాది గాదు. ముక్కు గట్లున్నా మంచిగనే ఉన్నది. ఏదో అలవాటుల తిట్టిన. నాతోని నడుస్తవా?"

"ముక్కు మల్ల ఎందుకు తెచ్చినవే!" అని అవ్వ నెత్తి కొట్టుకుంది. చుట్టూ నవ్వులు పేలాయి. తాత నవ్వలేదు. కానీ మూత దించకుండా వదిలేశాడు.

"రేపంత నడిపియ్యి," అన్నాడు. "ఐతారం అందరి ముందట సూస్త. పోయినసారి నాలుగడుగులు పోయినవ్. కథల వాగు దాటాలె. వాగుల మూట లెక్క పడితె, మాపటికే చెరువు. సోమారం దాంక గూడ ఆగ."

శనివారం సంగతి పెద్దగా చెప్పడానికి లేదు. చెయ్యి నొప్పి, మెడ నొప్పి. తాత ఒకటే మాట: "దించు. ఎత్తకు. దించు." ఎన్నిసార్లు బాగా వచ్చిందో అన్నిసార్లు చెడింది. మెచ్చుకోలేదు, తిట్టలేదు. సాయంత్రం పోతూ పోతూ, చెరువుకు ఏ దారి దగ్గరని టీచరమ్మను అడిగాడు. కావాలనే నా ముందు అడిగాడని నాకు తెలుసు. బేరంలో ఆఖరి మాట ఎక్కడ వేయాలో ఆయనకు మా నాయన కంటే బాగా తెలుసు.

ఆదివారం హాలు నిండింది. ఎండ తగ్గకముందే జనం వచ్చారు. కుర్చీలు చాలక పిల్లలు తెర ముందు నేల మీద కూర్చున్నారు. మా నాయన దుకాణం మూయకుండా, వాకిట్లో కుర్చీ వేసుకుని, హాలు తలుపులోంచి మెడ సాచి చూస్తున్నాడు. కథ చిన్నది. రాణి, అడవికి పోయి తిరిగిరాని అన్నను వెతుక్కుంటూ ఒంటరిగా బయల్దేరుతుంది. వాగు దాటితే అన్న. అంతే. వాగంటే ఇద్దరు పిల్లలు రెండు కొసలూ పట్టుకుని ఊపే నీలం బట్ట.

ఈ ఆటలో ఒక పద్ధతి ఉంది. పాడేవాళ్లు చరణం మధ్యలో ఆపరు. బొమ్మ అడుగు ఆగేదాకా పాట సాగాలి. పాట సాగినంతసేపూ బొమ్మ ఆగకూడదు. తాత ఆడించినన్నాళ్లు ఆయన నడకా, పాడే అవ్వ ఊపిరీ ఒకటే కొలత. నా నడక అందులో సగం వేగం కూడా లేదు. ఇది మాకు ఎవరికీ ముందు తట్టలేదు. ముందురోజు సాధన అంతా పాట లేకుండానే, తాత నోటి తాళానికే జరిగింది.

రాణి అడవి దాటింది. నీలం బట్ట దగ్గరికి వచ్చింది. మొదటి అడుగు నీళ్లలో పెట్టింది. అవ్వ వాగు పాట ఎత్తుకుంది. నేను అడుగడుగూ అంచు చూసుకుంటూ, పైకి లేవనీయకుండా, కిందికి పడనీయకుండా, నెమ్మదిగా పోతున్నాను. అప్పుడు విన్నాను, అవ్వ గొంతు సన్నబడడం. చివరి మాటను సాగదీస్తోంది. నేను ఒడ్డు చేరలేదు కాబట్టి ఆమె ఆపలేదు. హార్మోనియం మీద వంగిపోయింది. మెడ నరాలు తేలాయి. తొందరపడితే అంచు లేస్తుంది, దయ్యమవుతుంది, చెరువే. తొందరపడకపోతే అవ్వ పడిపోతుంది.

"దించు," అని వెనక నుంచి తాత గుసగుస.

దించాను. పూర్తిగా దించాను.

కుచ్చిళ్లు మడతలు పడి కింద పరుచుకున్నాయి. తల నిలబెట్టే దారం మాత్రం వదల్లేదు. చేతుల దారాలు రెండూ దగ్గరికి తెచ్చి ఒళ్లో పెట్టించాను. రాణి వాగు నడుమ, ఏదో బండ మీద కూర్చున్నట్టు కూర్చుంది. పాటలో అలాంటిది లేదు. కథలోనూ లేదు. బట్ట ఊపుతున్న పిల్లలు బిత్తరపోయి ఊపడం ఆపారు.

అవ్వ పాట ఆపింది. పెద్దగా ఊపిరి పీల్చింది. హాలంతా వినబడింది ఆ ఊపిరి. తర్వాత పాటగా కాదు, మామూలు మాటగా అంది: "అలిసిపోయినవా తల్లీ? కూసో. జరసేపు కూసో. వాగు యాడికి పోదు."

ముందు వరసలో ఎవరో ముసలమ్మ "అవ్ పాపం," అంది.

వెనక తాత పళ్లు కొరికాడు. "నడిమిట్ల కూసోవెట్టినవేందే! ఎట్ల లేపుతవ్?"

కూర్చున్న బొమ్మ లేస్తే తల ముందు లేచి, ఒళ్లు వెనక వేలాడుతూ వస్తుంది. ఉరి తీసినట్టు ఉంటుంది. ఇన్ని రోజుల్లో నేను చూసింది అదే. చెయ్యి అప్పటికే మొద్దుబారింది. అవ్వ మళ్లీ గొంతు సవరించుకుంటోంది. పాట మొదలైతే లేవాల్సిందే.

ముందుగా రాణి చేతిని లేపాను. ఆ చేత్తో బండను ఊతం పట్టుకున్నట్టు పలక మీద ఆనించాను. మోకాళ్ల నొప్పులతో నేను లేచినట్టే. తర్వాత నడుము కదిలించాను. అప్పుడు తల. అడ్డకర్ర ఎత్తలేదు, నేనే మునివేళ్ల మీద లేచాను, గజ్జెలు ఒక్కసారి ఘల్లుమన్నాయి. కుచ్చిళ్లు ఒక్కొక్క మడతా విప్పుకుంటూ నిలబడ్డాయి. అంచు పలకను వదల్లేదు. పాట అందుకుంది. పిల్లలు నీలం బట్ట ఊపారు. రాణి ఒడ్డుకు చేరింది.

చప్పట్లు కొట్టారో లేదో నాకు గుర్తు లేదు. చెయ్యి కిందికి దించలేకపోతే టీచరమ్మ వచ్చి, బిగుసుకుపోయిన వేళ్లు విడదీసింది.

జనం పోయాక కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దోపుతున్నారు. సామాను తీసుకుపోవడానికి వచ్చిన ఆటోవాడు బయట హారన్ కొడుతున్నాడు. పెట్టె తెరిచి ఉంది. తాత రాణిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను. అవ్వ కూడా వచ్చి నిలబడింది.

"మా తాతల కాలం సంది," అన్నాడు చివరికి, "మా రాణి ఎన్నడు వాగుల కూసోలే."

"నీ రాణి కూసోకుంటె నా ఊపిరి పోతుండె," అంది అవ్వ. "నువ్వు ఆడిచ్చినప్పుడు ఎన్నడన్న నా దిక్కు సూసినవా? పాడు పాడు అంటివి."

ఆయన ఆమె వైపు చూశాడు. హారన్ మళ్లీ మోగింది. తర్వాత రాణి కుడిచేతిని రెండు వేళ్లతో పట్టుకుని, ఊతం కోసం ఆనినట్టు నేల మీద పెట్టి చూసుకున్నాడు. సరిగ్గా రాలేదు. మళ్లీ పెట్టాడు.

"గీ చెయ్యి ముందుగాల లేపినవా? తల ముందుగాలనా?" అని అడిగాడు నన్ను.

"చెయ్యి ముందు, తాతా."

"అబద్ధం. చెయ్యి ముందు లేస్తె నడుము వంకర పోవాలె." అడ్డకర్ర నా చేతికి ఇచ్చాడు. "ఒచ్చే అమాస దాంక నీ తాన ఉండనియ్యి. నేను మల్లొస్త, సూస్త. గప్పటికి లేవంగ నడుము వంగుతె చెరువు యాడికి పోదు. ఇప్పుడైతె మల్ల కూసోవెట్టి లేపు. నేను కిందికెల్లి సూడాలె."

నా చెయ్యి భుజం దాకా మంట పెడుతోంది. ఆటోవాడు లోపలికి వచ్చి, ఇక ఆగనని అరిచాడు. తాత వినిపించుకోలేదు. పలక ముందు నేల మీద బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, కుచ్చిళ్ల అంచును చూస్తున్నాడు. అవ్వ హార్మోనియం సంచిలోంచి మళ్లీ బయటికి తీసింది. నేను చెయ్యి ఎత్తాను.